పది రోజుల్లో నాలుగు పార్కులా? పక్క సీట్లో కూర్చున్న ఒక అక్క సమాధానం

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. ఫిబ్రవరిలో పెళ్ళయింది, మీ ఆవిడ జులైలో డాలస్ వచ్చింది, సెప్టెంబరులో పది రోజులు సెలవు దొరికింది. సాల్ట్ లేక్ సిటీలో దిగి, కారు అద్దెకు తీసుకుని గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్, గ్లేషియర్ నేషనల్ పార్కులు చూసి, అట్నుంచటే సరిహద్దు దాటి కెనడాలోని బాన్ఫ్ పార్కు కూడా చూసుకుని మళ్ళీ సాల్ట్ లేక్ సిటీకి చేరాలని మీ ఆలోచన. ఆర్‌వీ (లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి) తీసుకుంటే మేలా, అన్నం సంగతేంటి, ఎలుగుబంట్లు నిజంగా అంత ప్రమాదమా అని కూడా అడిగారు. మీరు పెట్టిన ఎక్సెల్ షీటు మొత్తం చూశాను. గంటలు, మైళ్ళు, గ్యాస్ ఖర్చు అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక గడిలో "డ్రైవర్: నేనొక్కడినే" అని ఉంది. నేను ఆ గడి దగ్గరే మొదలుపెడతాను.

ఎందుకంటే 2009లో ఆ పక్క సీట్లో కూర్చున్నది నేను. తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూణ్ణెల్లు. మా ఆయన కూడా మీలాగే షీటు వేశారు. మొదటి రోజే డెన్వర్ నుంచి జాక్సన్ దాకా 500 మైళ్ళు. వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద చెట్టూ లేదు, చేమా లేదు, గాలి మాత్రం కారును పక్కకు నెట్టేస్తోంది. గంటకోసారి "బాగుందా?" అని అడిగేవారు, నేను "బాగుంది" అనేదాన్ని. రాత్రి పదింటికి మోటెల్‌కి చేరితే మా గది ఇంకెవరికో ఇచ్చేశామన్నారు. మర్నాడు ఎల్లోస్టోన్‌లో, నేలలోంచి వేడినీళ్ళు ఆగి ఆగి ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ దగ్గరకు వెళ్ళేసరికి అది అప్పుడే ఎగసి ఆగిపోయింది, జనం బెంచీల మీంచి లేచి వస్తున్నారు. మళ్ళీ ఎగయడానికి ఇంకో గంటన్నర. షీటులో ఆ గంటన్నర లేదు! కారెక్కేశాం. నా హనీమూన్‌లో నేను ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూడలేదు. 2013లో మా అత్తగారు మామగారు వచ్చినప్పుడు వాళ్ళతో కలిసి చూశాను. ఆ తర్వాత ఇంకా నాలుగుసార్లు వెళ్ళాం. ఇప్పుడు రూటు నేను గీస్తాను, ఆయన నడుపుతారు. ఆ అనుభవంతోనే ఈ సమాధానం.

ముందు మీ లెక్క. సాల్ట్ లేక్ సిటీ నుంచి జాక్సన్‌కి సుమారు 275 మైళ్ళు. ఎల్లోస్టోన్ ఉత్తర ద్వారం గార్డినర్ నుంచి గ్లేషియర్ పడమటి వైపుకి 400 మైళ్ళకు కాస్త అటూ ఇటూ, అంటే ఒక పగలంతా పోయినట్టే. అక్కణ్ణుంచి బాన్ఫ్, బాన్ఫ్ నుంచి తిరిగి సాల్ట్ లేక్ సిటీ. ఈ చివరి ముక్క ఒక్కటే 900 మైళ్ళ దాకా ఉంటుంది. పార్కుల్లో తిరుగుడు కూడా కలిపితే మొత్తం 2,000 మైళ్ళు ఎప్పుడో దాటిపోతుంది. మ్యాప్ చూపించే గంటలను నమ్మకండి. ఎల్లోస్టోన్‌లో వేగ పరిమితి 45 మైళ్ళు, అదీ దారి ఖాళీగా ఉంటే. బైసన్ల (ఇక్కడి అడవి దున్నలు) మంద రోడ్డెక్కిందంటే అవి దిగేదాకా అరగంటో గంటో ఇంజన్ ఆపుకుని కూర్చోవాలి. హారన్ కొట్టకూడదు. కొట్టినా అవి లెక్కచెయ్యవు.

కెనడా ఈసారికి వదిలేయండి. భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళకు కెనడా వీసా వేరే కావాలి, గ్రీన్ కార్డు ఉంటే తప్ప. మీ ఆవిడ వచ్చి రెండు నెలలే. కొత్త వీసా స్టాంపింగు, కొత్త ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) పెట్టుకుని హనీమూన్‌లో సరిహద్దు దాటే తతంగం ఎందుకు? ఇంటి కాగితాలన్నీ కుదుటపడ్డాక, ఎప్పుడైనా బాన్ఫ్, జాస్పర్‌లకని విడిగా వెళ్ళండి. వాటికే ఒక వారం కావాలి.

ఇక అసలు మాట. గ్లేషియర్ కూడా తీసేయమంటాను. మీకు కోపం రావచ్చు. షీటులో దాన్నే పసుపు రంగుతో గుర్తు పెట్టుకున్నారు మరి. కానీ పది రోజుల్లో రెండు రోజులు విమానాలకూ అద్దె కారుకూ పోతాయి. మిగిలిన ఎనిమిదింట్లో గ్లేషియర్‌కి వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి రోజున్నర. దానికి బదులు టీటన్‌లో మూడు రాత్రులు, ఎల్లోస్టోన్‌లో ఐదు రాత్రులు, తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి ఉండండి. ఎల్లోస్టోన్ చిన్న పార్కు కాదు, దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. లోపలి గ్రాండ్ లూప్ రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్ళు. ఒకే ఊళ్ళో గది తీసుకుని రోజూ వచ్చి పోదామనుకుంటే సగం రోజు కారులోనే గడుస్తుంది. అందుకని ఆ ఎనిమిదిలో కింది సున్నాలో రెండు రాత్రులు, మధ్యలో కాన్యన్ దగ్గర రెండు, పైన గార్డినర్‌లో ఒకటి. సామాను మూడుసార్లు మార్చాలి, నిజమే. అయినా పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ నడిచి వెళ్ళేంత దూరంలో గీజర్ ఉంటే ఆ సుఖం వేరు.

జాక్సన్ నుంచి ఉత్తరానికి తిరగగానే టీటన్లు కనిపిస్తాయి. ఆ కొండలకు ముందు గుట్టలూ మిట్టలూ ఉండవు. చదునైన నేల మీంచి ఏకంగా 7,000 అడుగులు గోడ కట్టినట్టు లేస్తాయి. భూమిలో పగులు వెంబడి ఒక వైపు పైకి లేచింది, రెండో వైపు లోయ కిందికి కుంగింది, అందుకే అలా. అన్నిటికన్నా ఎత్తైన గ్రాండ్ టీటన్ శిఖరం 13,775 అడుగులు. మనం లోయకు తూర్పున నిలబడి చూస్తాం కాబట్టి పొద్దుటి ఎండ శిఖరాల ముఖాన పడుతుంది. ఫొటోలకు తెల్లవారుజామే మంచిది. ష్వాబాకర్ లాండింగ్ దగ్గర ఆగిన నీళ్ళలో కొండలు తలకిందులుగా కనిపిస్తాయి. ఆక్స్‌బో బెండ్ దగ్గర సెప్టెంబరు రెండో సగంలో ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు పచ్చగా మారుతుంటాయి. మీ ఆవిడ పట్టుచీరలో ఫొటోలు దిగాలనుకుంటే ఆక్స్‌బో బెండ్ దగ్గరే. అయితే ఆ టైములో చలి సున్నా డిగ్రీల దాకా వస్తుంది, చీర మీద వేసుకోవడానికి స్వెట్టర్ పట్టుకుని మీరు పక్కన నిలబడాలి. డ్రోన్ మాత్రం డాలస్‌లోనే వదిలేసి రండి. నేషనల్ పార్కుల్లో ఎగరేయనివ్వరు.

జెన్నీ లేక్‌లో పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళి, హిడెన్ ఫాల్స్ దాకా నడవండి. ఓపిక ఉంటే పైన ఇన్‌స్పిరేషన్ పాయింట్ కూడా. చివర్లో రాళ్ళ మీద కొంచెం ఎక్కుడు ఉంటుంది కానీ తిరుపతి మెట్లెక్కినవాళ్ళకు లెక్కలోది కాదు. పడవలు సెప్టెంబరు ఆఖరు దాకానే నడుస్తాయి, తేదీ చూసుకోండి. సాయంత్రం సిగ్నల్ మౌంటెన్ పైకి కారులోనే వెళ్ళొచ్చు. లోయంతా, స్నేక్ నది మెలికలతో సహా, కాళ్ళ కింద ఉంటుంది. మూడు రాత్రుల్లో ఒక రోజు ఏ ప్లానూ పెట్టకండి. సరస్సు ఒడ్డున కూర్చోండి. మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. ఆయనకు పాలకూర పడదని, ఎనిమిదో తరగతి తప్పారని నాకు తెలిసింది అలా ఏ పనీ లేకుండా కూర్చున్న మధ్యాహ్నాల్లోనే. కారులో ఉన్నంతసేపూ దారి చెప్పే గొంతే మాట్లాడుతుంది.

టీటన్ నుంచి ఎల్లోస్టోన్ దక్షిణ ద్వారం గుండా వెళ్తే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి ముందు క్రెయిగ్ పాస్ వస్తుంది. 8,262 అడుగుల ఎత్తు. అక్కడ రోడ్డు పక్కనే ఐసా లేక్ అని కలువ ఆకులతో చిన్న మడుగు ఉంటుంది. చాలామంది ఆగరు. మీరు ఆగండి. అది ఖండాన్ని రెండుగా చీల్చే గట్టు మీద ఉంది. అందులోని నీళ్ళు ఒక వైపు నుంచి పసిఫిక్‌కి, రెండో వైపు నుంచి మెక్సికో గల్ఫ్‌కి పోతాయి. తమాషా ఏంటంటే, పడమటి కొస నుంచి పోయే నీళ్ళు తూర్పు సముద్రానికి, తూర్పు కొస నుంచి పోయేవి పడమటికి చేరతాయి. ఇది పుట్టింటికి ఒకరు, అత్తింటికి ఒకరు పోవడం లాంటిదని మా మామగారు అన్నారు, మా అత్తగారు ఆయనకేసి ఒక చూపు చూశారు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర పాత చెక్క సత్రం ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్. 1904లో తెరిచారు. దూలాలు, మెట్లు, లోపలి ఏడంతస్తుల ఎత్తు హాలు అన్నీ దుంగలతోనే. పాత భాగంలో కొన్ని గదులకు బాత్రూము వరండాలో ఉంటుంది, టీవీ ఉండదు, ఏసీ ఉండదు. అద్దె చూస్తే జేబుకు చిల్లే. అయినా ఒక్క రాత్రి అక్కడ ఉండమని నా సలహా. రాత్రి భోజనమయ్యాక బయటికొస్తే పగలు వచ్చిన బస్సులన్నీ వెళ్ళిపోయి ఉంటాయి. చంద్రుడు లేని రాత్రి అయితే పాలపుంత కింద, ఇరవై మంది కూడా లేని బెంచీల మీద కూర్చుని గీజర్ కోసం ఎదురుచూడొచ్చు. అది కనపడే ముందే వినపడుతుంది.

గీజర్ ఎలా పనిచేస్తుందో మీ ఆవిడకు చెప్పడానికి కుక్కర్ చాలు. నేల కింద వేడి రాళ్ళ మధ్య నీళ్ళు ఇరుకు గొట్టాల్లో నిండి ఉంటాయి. పైనున్న నీళ్ళ బరువు వల్ల అడుగున ఒత్తిడి ఎక్కువ, అందుకే మామూలుగా మరగాల్సిన వేడి దాటినా అవి మరగవు. ఎక్కడో కొంచెం పొంగి పై నీళ్ళు చిందగానే ఒత్తిడి తగ్గుతుంది, అడుగు నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొత్తాన్ని పైకి తన్నేస్తాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 106 నుంచి 185 అడుగుల దాకా ఎగుస్తుంది. తర్వాత ఎప్పుడో పది నిమిషాలు అటూ ఇటుగా అక్కడ రాసి పెడతారు, పార్కు యాప్‌లోనూ ఉంటుంది. కానీ అది ఒక్కటే చూసి కారెక్కకండి, మేం చేసిన తప్పు అదే. అదీ సరిగ్గా చెయ్యలేదు లెండి, అదైనా చూడలేదు. అక్కణ్ణుంచి మార్నింగ్ గ్లోరీ పూల్ దాకా ఒకటిన్నర మైలు చదునైన దారి. ఆ దారిలో రివర్‌సైడ్ గీజర్ ఉంది, నది మీదికి వంగి విల్లులా చిమ్ముతుంది. గ్రాండ్ గీజర్ ఉంది, ముందుగా టైము చెప్పగలిగిన వాటిలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది, 200 అడుగుల దాకా. దాని కోసం రెండు గంటలు కూర్చోవలసి వచ్చినా కూర్చోండి. ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్ళండి. ఇక మార్నింగ్ గ్లోరీ ఒకప్పుడు పూర్తిగా నీలం రంగులో ఉండేదట. జనం నాణేలూ చెత్తా వేసి వేసి అడుగున దారి మూసుకుపోయి, నీళ్ళు చల్లబడి, అంచుల్లో పసుపు, నారింజ రంగులు వచ్చేశాయి. కోనేరు కనపడితే మన చెయ్యి జేబులోకి పోతుంది కదా, ఇక్కడ మాత్రం వద్దు.

కర్రల బాట దిగి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకండి. పైన గట్టి నేలలా కనిపించేది పలచటి పెచ్చు, కింద మరిగే నీళ్ళు. అలా పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. 2024 జులైలో బిస్కెట్ బేసిన్ దగ్గర నేల కింది ఆవిరి పేలి రాళ్ళూ బురదా గాల్లోకి లేచాయి, బాట విరిగిపోయింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కెమెరా, కళ్ళజోడు కూడా జాగ్రత్త. గీజర్ తుంపరలో సిలికా ఉంటుంది, అద్దం మీద ఆరిపోతే ఇక మరక వదలదు.

గ్రాండ్ ప్రిస్మాటిక్ దగ్గరకు అందరూ పొద్దున్నే పోయి ఆవిరి తప్ప ఏమీ కనపడలేదని తిట్టుకుంటారు. సెప్టెంబరు చలికి ఆవిరి దట్టంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ బాగా కాశాక వెళ్ళండి. పక్కనున్న బాట మీంచి రంగులు సగమే తెలుస్తాయి. ఫెయిరీ ఫాల్స్ వైపు నుంచి చిన్న గుట్ట ఎక్కితే పై నుంచి మొత్తం కనిపిస్తుంది. 370 అడుగుల వెడల్పున నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ. ఆ అంచుల రంగులన్నీ వేడినీళ్ళలో బతికే సూక్ష్మజీవులవి. మధ్యలో వాటిక్కూడా తట్టుకోలేనంత వేడి, అందుకే అక్కడ నీలం.

కాన్యన్‌లో లోయర్ ఫాల్స్ 308 అడుగులు, నయాగరాకు దాదాపు రెండింతల ఎత్తు. ఆర్టిస్ట్ పాయింట్‌కి పొద్దున తొమ్మిది పదింటి మధ్య వెళ్తే బాగుంటుంది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఫొటోలు చూసే ఉంటారు. హేడెన్ లోయలో సాయంత్రాలు బైసన్ల కోసం. లమార్ లోయకు మాత్రం చీకటితోనే లేచి వెళ్ళాలి. అక్కడ రోడ్డు పక్కన కొందరు పెద్ద పెద్ద దుర్భిణులు స్టాండ్ల మీద పెట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళు తోడేళ్ళ కోసం ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు. ఇక్కడి తోడేళ్ళను 1920ల్లో పూర్తిగా చంపేశారు, మళ్ళీ 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలారు. మెల్లగా వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా వేసి, "ఏమైనా కనిపించాయా" అని అడిగితే వాళ్ళే పిలిచి చూపిస్తారు. మా అమ్మాయి మొదటి తోడేలును అలాగే చూసింది.

పార్కు ఉత్తర కొసన మామత్ అనే చోట సెప్టెంబరు ఎల్క్‌ల (పెద్ద దుప్పులు) పెళ్ళిళ్ళ సీజను. ఆడ ఎల్క్‌లు పచ్చిక మీద పడుకుని నెమరు వేస్తుంటే, ఒక పెద్ద కొమ్ముల మగది వాటి చుట్టూ కాపలా తిరుగుతూ అరుస్తుంటుంది. ఆ అరుపు మొదటిసారి విన్నప్పుడు ఎవరో శృతి తప్పిన సన్నాయి ఊదుతున్నారనుకున్నాను. అంత పెద్ద జంతువు నోట అంత సన్నటి గొంతు! ఆ రోజుల్లో దానికి కంటికి కనిపించిన ప్రతిదీ పోటీదారే, కార్లను కూడా పొడుస్తుంది. దగ్గరికి పోకండి.

దూరాల లెక్క ఇదీ. ఎలుగులకూ తోడేళ్ళకూ 100 గజాలు, బైసన్, ఎల్క్‌ల లాంటి వాటికి 25 గజాలు. బైసన్ ఆవులా కదలకుండా నిలబడి ఉంటుందని మోసపోకండి, అది గంటకు 35 మైళ్ళు పరుగెత్తుతుంది. ఇక ఎలుగు గురించి మీ భయం. భయం ఉండటం మంచిదే, దాని వల్ల నడక మానేయక్కర్లేదు. ఎలుగు మనల్ని వెతుక్కుంటూ రాదు, మలుపులో ఉన్నట్టుండి ఎదురుపడితేనే ఇబ్బంది. అందుకని నలుగురున్న బాటల్లో, పగటి పూట, మాట్లాడుకుంటూ నడవాలి. గట్టిగా మాట్లాడమని మన తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? బేర్ స్ప్రే ఇద్దరికీ చెరొకటి, బ్యాగు అడుగున కాదు, నడుముకు. విమానంలో తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అక్కడే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. అది దోమల మందులా ఒంటికి కొట్టుకునేది కాదు. మీదికి వస్తున్న ఎలుగు ముఖం ముందు కారం మబ్బులా వదిలేది. నవ్వకండి, ఒంటికి కొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఎదురైతే పరుగెత్తవద్దు, మెల్లగా వెనక్కి అడుగులు వేయండి.

తిండి. పార్కు లోపల శాకాహారులకు దొరికేది పిజ్జా, సలాడ్, బీన్స్ బర్గర్. మూడో రోజుకు మొహం మొత్తుతుంది. నేను చేసేది చెప్తాను. సాల్ట్ లేక్ సిటీలో దిగగానే ఇండియన్ స్టోరుకు వెళ్ళి చిన్న బియ్యం సంచి, పెసరపప్పు, పెరుగు, చపాతీ ప్యాకెట్లు కొనుక్కుని ఐస్ బాక్సులో సర్దడం. ఒంటి బర్నర్ స్టవ్, మూడు లీటర్ల కుక్కర్ సూట్‌కేసులో, గ్యాస్ డబ్బా మాత్రం అక్కడ కొనాలి. కుక్కర్ ఎందుకు మోయడం అనుకోకండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ఎత్తు 7,300 అడుగులు. అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి. 2013లో మా అత్తగారు గిన్నెలో అన్నం పెట్టి, పలుకు పోవడం లేదని గంట సేపు అక్కడే నిలబడ్డారు. పప్పు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. "ఈ ఊళ్ళో నీళ్ళకు మరగడం వచ్చు గాని ఉడికించడం రాదే" అన్నారావిడ. లాడ్జి గదుల్లో వండనివ్వరు, పిక్నిక్ బల్లల దగ్గర వండుకోవాలి. వండినంతసేపూ, తిన్నంతసేపూ ఒకరు అక్కడే ఉండాలి. తిండి బల్ల మీద వదిలి ఫొటోలకు పోకూడదు. ముగిసాక మెతుకు కూడా మిగల్చకుండా అన్నీ కారులో పెట్టి అద్దాలు మూసేయాలి. ఆవకాయ సీసా మూత మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు. ఎలుగు ముక్కు సంగతి పక్కన పెట్టండి, అద్దె కారు తిరిగిచ్చేటప్పుడు ఆ వాసనకు వాళ్ళు వేసే క్లీనింగు ఫీజు ఒకటి ఉంటుంది. అది స్వయంగా కట్టాం.

ఆర్‌వీ వద్దు. మీరు ఎప్పుడూ నడపలేదు, రెండో డ్రైవరు లేరు, పార్కు రోడ్ల మలుపుల్లో దాన్ని తిప్పుతూ మీరు కొండలు చూడలేరు. కొత్త జంట కలిసి చేసే మొదటి ఇంటిపని డంప్ స్టేషన్లో మురుగు గొట్టం పట్టుకోవడం కాకూడదు కదా. సెప్టెంబరుకు మామూలు సెడాన్ సరిపోతుంది. రాత్రి డ్రైవింగ్ మాత్రం పెట్టుకోకండి. బైసన్ ఒళ్ళు నల్లగా ఉంటుంది, చీకట్లో రోడ్డు మీద నిలబడితే కారు ముందుకొచ్చేదాకా తెలియదు. మీ షీటులో రెండు చోట్ల రాత్రి తొమ్మిదిన్నరకు చేరడం ఉంది, అవి తీసేయండి.

డబ్బుల మాట ఒకటి. 2026 జనవరి నుంచి నియమం మారింది. అమెరికాలో ఉండేవాళ్ళకు అన్ని పార్కులకూ చెల్లే ఏడాది పాసు 80 డాలర్లు, బయటి దేశాలవాళ్ళకు 250. ఆ పాసు లేని బయటివాళ్ళకు ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేషియర్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. కాబట్టి మీ లైసెన్సు దగ్గర పెట్టుకోండి, మీ ఆవిడకు టెక్సస్ ఐడీ ఈలోపే తీయించండి. ఈ రెండు పార్కులకే అయితే విడివిడిగా టికెట్లు కొనడమే పాసు కన్నా కాస్త చవక, ఏడాదిలో ఇంకో పార్కు కూడా చూసేటట్టయితే పాసు మేలు.

ఫోను పార్కులో చాలా చోట్ల పనిచేయదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అంతకన్నా ముందు మీ అత్తగారికి ఫోన్ చేసి చెప్పండి. 2009లో మేం ఈ పని చెయ్యలేదు. రెండు రోజులు నా ఫోన్ కలవకపోయేసరికి మా అమ్మ తెనాలి నుంచి న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యకు, ఆయన మా ఆయన ఆఫీసు స్నేహితులకు, వాళ్ళు ఇంకెవరికో. మూడో రోజు గార్డినర్‌లో సిగ్నల్ రాగానే పదహారు మిస్డ్ కాల్స్. అమ్మ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, ఏమైందో తెలియక ఆయన కారు పక్కకు ఆపారు. పెళ్ళయిన కొత్తల్లో మీ ఆవిడకు రోజూ అమ్మతో ఆ పది నిమిషాలు ఎంత ముఖ్యమో మీ షీటులో ఉండదు. ఏ రోజు ఎక్కడ సిగ్నల్ ఉంటుందో చూసి, ఆ టైము ఆవిడకు వదిలేయండి. గార్డినర్, జాక్సన్ లాంటి ఊళ్ళలో ఇబ్బంది లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు గార్డినర్ నుంచి మామత్, నోరిస్ మీదుగా వెస్ట్ ఎల్లోస్టోన్‌కి దిగి, అక్కణ్ణుంచి ఐడహో ఫాల్స్ వైపు పొండి. దారిలో కాస్త పక్కకు తిరిగితే అప్పర్ మీసా ఫాల్స్ ఉంది, జనం తక్కువ. రాత్రికి ఐడహో ఫాల్స్‌లో ఆగితే మర్నాడు మధ్యాహ్నం విమానానికి కంగారు ఉండదు.

ఒకవేళ ఇదంతా చదివాక మీ ఆవిడే "నాకు గ్లేషియరే కావాలి" అంటే అప్పుడు లెక్క మారుతుంది. ఎల్లోస్టోన్ వదిలేసి గ్లేషియర్ దగ్గరి ఊరు కాలిస్పెల్‌కి విమానం ఎక్కి, గ్లేషియర్ ఒక్కటే చూడండి. గోయింగ్-టు-ద-సన్ రోడ్డు 50 మైళ్ళు, 1932లో పూర్తయింది, కొండ అంచును చెక్కి వేసినది. పైన లోగన్ పాస్ 6,646 అడుగులు. ఎత్తులంటే ఆవిడకు భయమైతే తూర్పున సెయింట్ మేరీ నుంచి పడమటికి నడపండి, కారు కొండ వైపు ఉంటుంది. పడమటి నుంచి ఎక్కితే లోయ ఆవిడ కిటికీ కిందే. లేదా ఒక రోజు కారు ఆపేసి 1930ల నాటి ఎర్ర బస్సెక్కండి. పైకప్పు తీసేస్తారు, డ్రైవరు వేరే, మీరిద్దరూ కొండలు చూడొచ్చు. 21 అడుగులు దాటిన బండ్లను ఆ రోడ్డు పై భాగంలోకి రానివ్వరు, ఆర్‌వీ అక్కడ ఎలాగూ కుదరదు. కారు రిజర్వేషన్ నియమాలు ఏటా మారుతుంటాయి, పార్కు వెబ్‌సైట్ చూసుకోండి.

గదులు ఈ వారంలోనే చూడండి. పార్కు లోపలివి ఏడాది ముందే పోతాయి, కానీ రద్దయినవి ఒకటీ అరా మళ్ళీ కనిపిస్తుంటాయి, పొద్దునా రాత్రీ వెతికితే దొరుకుతాయి. మా కాన్యన్ గది ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు అలాగే దొరికింది. సెప్టెంబరు చివర్నుంచి లాడ్జీలు ఒక్కొక్కటే మూసేస్తారు కాబట్టి మొదటి మూడు వారాల్లో పెట్టుకోండి. కొత్త రూటు షీటు ఇక్కడే పెట్టండి, చూస్తాను. ఈసారి మా మరదలి చేత రాయించండి, ఒక గడిలో "ఓల్డ్ ఫెయిత్‌ఫుల్: ఎదురుచూపు, గంటన్నర" అని ఉండాలి.